కబురు ఎదురెక్కదు

నాలుగు గంటలు కంప్రెసర్
గాలిని తొక్కి తొక్కి నింపుతది,
ఇరవై రెండు సెకండ్లల్ల అయిపోతది.
షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా,
టైర్ల గోదాము వెనక రేకుల షెడ్డు,
లోపల జానెడు వెడల్పు ఇనుప సొరంగం.
దాని గొంతుల అడ్డంగ నిలబడే కమ్ములు
చేసేది నేను.

స్ట్రట్లు అంటది మౌజా మేడం.
నాకైతే నాడె లెక్కనే కనవడ్డయి,
రెండు దిక్కుల మొన, నడుమ ఉబ్బు.
సిరిసిల్లల మా బాపు మగ్గం మీద
అటిటు ఉరికిన నాడె.
ఇది ఉరకది. ఇది నిలబడ్డకాడ నిలబడితే
గాలే ఉరుకుతది.

మెల్లగ వచ్చే గాలికి ముందే తెలుస్తది
ఎదుట ఏదో ఉందని.
ముందటి గాలి ఎనకటి గాలి చెవుల వేస్తది
జరుగుండ్రి, జరుగుండ్రి అని.
బారాతుకు తొవ్వ ఇచ్చినట్టు
పక్కకు వంగిపోతది.
చప్పుడును దాటిన గాలికి ఆ సుఖం లేదు.
కబురు నడిచేది చప్పుడంత వేగంతోనే,
ఈ గాలి దానికి రెండింతలు.
కబురు ఎదురెక్కదు.
మొన తాకినంక గాని
తెలువదు.

అద్దాల నడుమ దీపం పెట్టి
బ్లేడు అంచుతోని సగం వెలుతురు కోస్తే
కనవడనిది కనవడ్డది:
మొన కాడికెళ్లి రెండు నల్లగీతలు,
గోడకు తాకి, మర్లి,
పక్క కమ్మి గీతను కోసుకుంట
మళ్ల గోడకు.
చీర అంచు నేస్తున్నట్టు వజ్రం పక్కన వజ్రం.
బాపు చూస్తే పోగులు లెక్కవెట్టేటోడు.

గిదంత తర్వాత సంగతి.
మొదటిరోజు మూడు కమ్ములు పెడితే
సొరంగం లేవనే లేదు.
గొంతుల ముద్ద అడ్డం పడ్డట్టు
ఒక్క నిలువుగీత ముందరే ఆగి, వణికి,
షెడ్డు రేకులన్ని గొల్లుమన్నయి.
గోదాముకెళ్లి గుల్ జమాన్ ఉరికొచ్చిండు
ఏం పేలిందని.
మేడం కాయితం మీద ఏవో అంకెలు వేసి
ఇరుకైంది, ఒకటి తీసెయ్యాలె, అన్నది.
ధన్ బహదూర్ రెంచీ పట్టుకొని నవ్విండు:
మా కంపెనీ గూడ గంతే అన్నది మేడం,
పోయిన రంజాన్‌ల.
ఆమె నవ్వలేదు.
నడుమ కమ్మిని తనే ఇప్పింది.

తప్పు నాది గూడ కొంత ఉండె.
ఎడమ కమ్మి చేయిజారి కింద పడి
మొన వెంట్రుకంత మొద్దుబారింది.
చెప్పలేదు.
తెర మీద ఆ మొనకు గీత అంటుకోలే.
ఇంత ఎడంగ, విల్లు లెక్క వంగి
విడిగ నిలబడ్డది.
నేను దాచింది గాలి పెద్దగ చేసి చూపిచ్చింది.
ఆ రాత్రంత నూనెరాయి మీద రాసిన.

రెండు కమ్ములతోని లేచింది సొరంగం.
బయట నలభై ఆరు డిగ్రీల ఎండ,
ఖాళీ అయిన ట్యాంకు మాత్రం చల్లగ చెమటపట్టింది.
ధన్ బహదూర్ దానికి చెంప ఆనిచ్చి
కండ్లు మూసుకున్నడు.
మేడం తెర మీద వేలు పెట్టి చూపిచ్చింది,
గీతలను కాదు,
కమ్మి వెనక మసకను.
గాడ గాలి ఉరకదట,
సుడి తిరుగుకుంట కూసుంటదట.
ఇంజన్లల్ల మంట నిలిచేది గాడనేనట.
ఇంత తుఫానుల మంటనా అన్న.
అడ్డం నిలబడ్డదాని వీపు వెనక
ఎప్పుడు కొంచెం జాగ ఉంటది, అన్నది.

మర్నాడు మాపటికి షమాల్ లేసింది.
రోడ్డు మీద ఇసుక పాములై పాకుతున్నది.
నీళ్ల ట్యాంకరు చక్రం వెనక
గుల్ జమాన్, ధన్ బహదూర్, నేను
కాళ్లు ముడుచుకొని కూసున్నం.
మూడు అగ్గిపుల్లలు ఆరినయి.
నాలుగోది ధన్ బహదూర్ గీసిండు.
ఈసారి లిస్టుల అతని పేరు
పొద్దుగాల ఆఫీసుల చూసిన.
నోటి దాక వచ్చింది.
రెండు చేతులు అడ్డం పెట్టిన.
అంటుకున్నది.